తెర వచ్చింది, టీచరుకు తోడేది?

(బాన్సువాడలో టీచర్లు, విద్యార్థులు, ఉద్యోగులు కూడిన సభలో ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం)

 

నాకు ఇచ్చిన అంశం ఆన్‌లైన్ తరగతి గదులు, వాటిని మంచిగ వాడుకునేటందుకు టీచర్లకు ఇయ్యాల్సిన ఆసరా. ఇందులో మొదటి ముక్క గురించి మంత్రులు మాట్లాడుతరు, కంపెనీలు మాట్లాడుతయి, పేపర్లు ఫొటోలు వేస్తయి. రెండో ముక్క, అంటే ఆసరా ముచ్చట ఎత్తేవాళ్లే తక్కువ. నేను ఆ రెండో ముక్క గురించే మాట్లాడుత.

ముందుగాల మాట తేట చేసుకుందాం. ఆన్‌లైన్ తరగతి గది అంటే టీవీలో పాఠం రావడం కాదు. వాట్సప్ గ్రూపు అసలే కాదు. వాట్సప్‌లో హోంవర్కు ఫొటోలు కుప్పపడుతయి. ఎవరు పంపిండ్రు, ఎవరు పంపలే, ఎవరు ఏ లెక్క తప్పు చేసిండ్రు అని చూడాలంటే టీచరు రాత్రి పదకొండు దాకా వేలితో పైకి కిందికి జరుపుకుంట కూసోవాలె. అసలు ఆన్‌లైన్ తరగతి గదిలో పాఠం ఒక అరలో ఉంటది, ప్రశ్నలు ఒక అరలో ఉంటయి, పిల్లవాడి జవాబు వాడి పేరు మీద పడుతది. పదిహేనో ప్రశ్న క్లాసులో సగం మంది తప్పు చేసిండ్రని తెల్లారేసరికి టీచరుకు తెలుస్తది. తెల్లారి బోర్డు మీద ఏది మళ్లీ చెప్పాల్నో అదే చూపెడతది. దాని అసలు బలం అదే. వీడియో కాదు బలం. పిల్లవాడు ఎక్కడ ఆగిండో టీచరుకు చూపెట్టడం బలం.

ప్రపంచమంత వాడే మూడుల్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్నది. 2002లో మొదటి పూర్తి రూపం వచ్చింది. దాన్ని తయారుచేసిన మార్టిన్ డూగియామస్ ఆస్ట్రేలియా మారుమూల ఎడారి ప్రాంతంలో పెరిగిండు. దగ్గర్ల బడి లేక చిన్నప్పుడు రేడియోలో పాఠాలు విని చదువుకున్నడు. దూరం అంటే ఏందో ఎరుకైన మనిషి చేసిన పనిముట్టు అది. పైసా ఖర్చు లేకుండ ఎవరన్నా తెచ్చుకోవచ్చు, మార్చుకోవచ్చు. అంటే పనిముట్టు కరువు లేదు. దాన్ని పట్టుకున్న చెయ్యికి బలం ఎవరిస్తున్నరన్నదే ప్రశ్న.

కట్ట ఉంటే చాలదు, నీరటి ఉండాలె

మన బాన్సువాడోళ్లకు ఈ సంగతి ఎవరో చెప్పే పని లేదు. మనం నిజాంసాగర్ కాలువ కింద బతికినోళ్లం. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన ప్రాజెక్టు అది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ మంజీర మీద కట్ట కట్టించి ఊకోలే. ప్రధాన కాలువ తవ్వించిండు, దాని నుంచి డిస్ట్రిబ్యూటరీలు, వాటి నుంచి తూములు, తూముల నుంచి పిల్లకాలువలు. అప్పుడు గాని నీళ్లు మడికి చేరలే. ఊర్ల కాడ నీళ్ల వంతు చూసే నీరటి ఉన్నడు. ఏ మడికి ఎంత కావాలె, ఎప్పుడు కట్టెయ్యాలె, ఏ గట్టు తెగింది, ఇవన్నీ నీరటికే తెలుసు. ప్రాజెక్టు నిండ నీళ్లుండి, తూము కాడ మనిషి లేకపోతే ఆఖరి ఆయకట్టు ఎండుతది. అది మనం కండ్లార చూసిన సత్యం.

చదువులో సాంకేతికత కూడా అంతే. ఉపగ్రహం ప్రాజెక్టు కట్ట. ఇంటర్నెట్ కాలువ. బడిలో తెర తూము. టీచరు నీరటి. నూరేండ్ల కింద మన పెద్దలు పారకంలో చేసిన పని, మన పాలకులు చదువులో యాభై ఏండ్ల నుంచి సగమే చేస్తున్నరు. కట్ట కడుతున్నరు, రిబ్బను కత్తిరిస్తున్నరు, నీరటిని మరిచిపోతున్నరు.

యాభై ఏండ్ల ముచ్చట

ఇది కరోనాతోని మొదలైందని మీరు అనుకోవద్దు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా మన దేశంలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. దాన్ని సైట్ అన్నరు. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాలల్ల దాదాపు 2,400 ఊర్లకు నేరుగ టీవీ కార్యక్రమాలు చేరినయి. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి, తెలుగు పాఠాలు కూడా ఉన్నయి. దీంట్ల మనం నేర్చుకోవాల్సిన సంగతి ఒకటున్నది. పిల్లలకు పాఠాలు చూపెట్టడంతోనే ఆగలేదు. ప్రాథమిక బడుల టీచర్లు సుమారు యాభై వేల మందికి సైన్సు బోధన మీద పన్నెండు రోజుల శిక్షణ ఇచ్చిండ్రు. టీవీ పాఠం, రేడియో, చేతితో చేసే ప్రయోగాలు, దగ్గరుండి చూసుకునే మనిషి, అన్నీ కలిపి ఇచ్చిండ్రు. నలుపు తెలుపు టీవీ కాలంలోనే, ముందు టీచరును తయారుచెయ్యాలె అన్న తెలివి ఉండె.

1982లో హైదరాబాదు కేంద్రంగ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. దేశంలో అదే మొదటిది, ఇప్పుడు డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ పేరు మీద ఉన్నది. దానికి తొలి వైస్ చాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. 1985లో ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా ఆయనే తొలి వైస్ చాన్సలర్. ఇక్కడ కూసున్న ఉద్యోగులల్ల ఎంతమందో ఆ యూనివర్సిటీలో డిగ్రీ చదివినోళ్లే అయి ఉంటరు. అక్కడ పుస్తకం ఇంటికి వచ్చింది, రేడియో పాఠం వచ్చింది. దాంతోపాటు స్టడీ సెంటరు పెట్టిండ్రు, ఆదివారం పూట సందేహం తీర్చే మనిషిని కూసోబెట్టిండ్రు. దూరవిద్యలో కూడా మనిషి దగ్గర ఉండాలె అని వాళ్లకు తెలుసు.

2004 సెప్టెంబరు 20న చదువు కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహం ఎగిరింది. ఉమ్మడి రాష్ట్రంలో మన టీవీ నడిచింది, అదే 2017లో తెలంగాణలో టీ-శాట్ అయింది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలోని ఐదువేల హైస్కూళ్లకు కంప్యూటర్లు వచ్చినయి. కంపెనీలకు ఐదేండ్ల ఒప్పందం. కంప్యూటర్లు వాళ్లే తెచ్చిండ్రు, చెప్పే మనుషులను వాళ్లే పెట్టుకున్నరు. 2013లో గడువు తీరింది. కంప్యూటర్లు బడికి మిగిలినయి, చెప్పే మనిషి ఇంటికి పోయిండు. సైన్సు సారుకు, సోషల్ మేడమ్‌కు ఆ ఐదేండ్లల్ల ఆ గది తాళం చెవి ఎప్పుడన్నా చేతికి ఇచ్చిండ్రా? "అది కంప్యూటరోళ్ల గది" అన్నరు. ఒప్పందం పోయినంక ఆ గది ఎవరిదీ కాకుండ పోయింది.

మన రాష్ట్రం వచ్చినంక 2016 నవంబరులో హైస్కూళ్లల్ల డిజిటల్ తరగతులు మొదలుపెట్టిండ్రు. 2017 సెప్టెంబరు 5న కేంద్రం దీక్ష అనే వేదికను తెచ్చింది, పాఠ్యపుస్తకాలల్ల క్యూఆర్ కోడ్లు వచ్చినయి. 2022 మార్చి 8న మన ఊరు-మన బడి వచ్చింది. 26,065 బడులు, 7,289 కోట్లు, మొదటి విడతలో 9,123 బడులు అన్నరు. దాంట్ల డిజిటల్ సౌలతు ఒక భాగం. ఆ తర్వాత హైస్కూళ్లకు గోడంత తెరలు వచ్చినయి. ఇన్ని వచ్చినయి. ప్రతిసారీ ఎన్ని డబ్బాలు దింపిండ్రో లెక్క రాసుకున్నరు. ఎంతమంది టీచర్లు దాంతోని పాఠం మంచిగ చెప్పగలుగుతున్నరో ఆ లెక్క ఏ రిజిస్టరులో ఉన్నది?

2020 చూపిన అద్దం

2020 మార్చిలో బడులు బందయినయి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా పాఠాలు వచ్చినయి. టీచర్లు పిల్లల ఇండ్లకు ఫోన్లు చేసిండ్రు, వర్క్‌షీట్లు ఇచ్చిండ్రు, తండాలకు తిరిగిండ్రు. ఫోను వాళ్లదే, రీచార్జీ వాళ్లదే, పెట్రోలు వాళ్లదే. ఎట్ల చెయ్యాల్నో నేర్పినోడు లేడు. చేసినదాన్ని మెచ్చినోడు కూడా లేడు.

ఆ ఏడు అసర్ సర్వే దేశమంత అడిగి తెలుసుకున్నది. బడి పిల్లల ఇండ్లల్ల స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం, 2020లో 61.8 శాతం. రెండేండ్లల్ల అంత పెరిగింది. గాని సర్వే చేసిన వారంలో బడి నుంచి ఏదో ఒక పాఠ్య సామగ్రి అందినోళ్లు మూడింట ఒక వంతు చిల్లరే. అంటే ఏంది? ఇంట్ల ఫోను ఉన్నంత మాత్రాన చదువు లేదు. ఆ ఫోను తండ్రి జేబులో పొలానికి పోతది, అన్నతోని పట్నం పోతది. ఫోనుకు, పిల్లవాడికి నడుమ ఒక టీచరు నిలబడితేనే అది చదువైంది.

ప్రైవేటు బడుల టీచర్ల గోస వేరే. జీతాలు ఆగిపోయి కూలికి పోయినోళ్లున్నరు, కూరగాయలు అమ్మినోళ్లున్నరు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ఆన్‌లైన్ చదువుల గురించి దేశమంత గొప్పలు చెప్పుకున్న ఆ దినాలల్లనే, ఆ చదువు చెప్పే మనిషికి రేషను బియ్యం పంచాల్సి వచ్చింది. దీన్ని మించిన అద్దం ఇంకేం కావాలె?

బాసర చెప్పిన పాఠం

మన పక్కనే బాసర ఉన్నది. 2008లో అక్కడ ట్రిపుల్ ఐటీ పెట్టిండ్రు. పల్లె సర్కారు బడులల్ల చదివిన పిల్లలకు ప్రతి ఒక్కరికి లాప్‌టాప్, వీడియో పాఠాలు, తరగతి గదిలో సాయం చేసేటందుకు మెంటార్లు. ఆలోచన గొప్పదే, కాదనను. మన పల్లెల పిల్లలు లాప్‌టాప్ ముట్టుకున్నది అక్కడనే.

గాని 2022 జూన్‌లో ఆ పిల్లలే ఎండకు వానకు వారం రోజులు గేటు కాడ కూసున్నరు. వాళ్ల డిమాండ్లల్ల లాప్‌టాప్‌లు ఉన్నయి, నిజమే. గాని రెగ్యులర్ వైస్ చాన్సలర్ కావాలన్నరు, పిల్లల సంఖ్యకు సరిపడ అధ్యాపకులు కావాలన్నరు. తెర మీద చదువు చూసిన పిల్లలు అడిగింది ఇది. తెర చాలు, టీచరు ఎందుకు అనేటోళ్లకు ఇంతకు మించిన జవాబు లేదు.

ఆసరా అంటే ఏంది?

ఇగ అసలు ముచ్చట. ఆసరా అంటే ఒకరోజు మండల కేంద్రానికి పిలిచి, వంద మందిని ఒక్క హాలులో కూసోబెట్టి, పైనుంచి ఒకాయన స్లైడ్లు చదువుడు కాదు. చాయ, బిస్కెట్టు, సంతకం, ఇంటికి. దాన్ని శిక్షణ అనరు, హాజరు అంటరు.

కేరళను చూడుండ్రి. 2001లో ఐటీ ఎట్ స్కూల్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టిండ్రు, 2017లో అదే కైట్ అనే సంస్థ అయింది. టీచర్లకు నేర్పినోళ్లు కంపెనీ మనుషులు కాదు, టీచర్లే. ముందు కొంతమంది టీచర్లను గట్టిగ తయారుచేసిండ్రు, వాళ్లు జిల్లాలల్ల మిగిలినోళ్లకు నేర్పిండ్రు. ప్రతి హైస్కూల్లో ఒక టీచరుకు ఐటీ బాధ్యత అప్పజెప్పిండ్రు. లైసెన్సు పైసలు లేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను వాడిండ్రు. 2018 కాలానికి 45 వేల తరగతి గదులు హైటెక్ చేసిండ్రంటే, అప్పటికి పదిహేనేండ్లకు పైగా టీచరును తయారుచేసి ఉన్నరు. అందుకే 2020లో జూన్ 1 నాడే వాళ్ల టీవీ పాఠాలు మొదలైనయి. మనకు సెప్టెంబరు దాకా పట్టింది. ఎడ్యుశాట్ వాళ్లకూ వచ్చింది, మనకూ వచ్చింది. కట్ట ఒక్కటే, నీరటి తేడా.

కర్ణాటకలో సబ్జెక్ట్ టీచర్ ఫోరం అని పెట్టుకున్నరు. లెక్కల సార్లు లెక్కల సార్లతోని, సైన్సు టీచర్లు సైన్సు టీచర్లతోని ఈమెయిలు గుంపులల్ల కలిసిండ్రు. బీదర్ సారు అడిగిన ప్రశ్నకు మైసూరు మేడమ్ జవాబు ఇయ్యొచ్చు. పాఠాలు వాళ్లే రాసి అందరికీ ఉచితంగ పెట్టిండ్రు.

మన తెలంగాణలో కూడా జరిగింది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, అమెరికాలోని ఎంఐటీ, టాటా ట్రస్ట్స్ కలిసి క్లిక్స్ అనే కార్యక్రమం నడిపినయి. నాలుగు రాష్ట్రాలల్ల మనది ఒకటి. సర్కారు హైస్కూళ్ల కంప్యూటరు గదులల్లనే ఇంటర్నెట్ లేకున్నా నడిచేటట్టు లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు పాఠాలు పెట్టిండ్రు. పిల్లలు ఒక్కో కంప్యూటరు ముందర ఇద్దరు ముగ్గురు కూసొని మాట్లాడుకుంట నేర్చుకునేటట్టు చేసిండ్రు. టీచర్లకు టెలిగ్రాం గ్రూపులు పెట్టిండ్రు. పాఠం ఎక్కడ ఆగింది, పిల్లలు ఏమడిగిండ్రు, మెషిను ఎందుకు మొరాయించింది అన్నది అక్కడ చెప్పుకున్నరు. యునెస్కో 2017 సంవత్సరపు బహుమతి ఇచ్చింది. మన సర్కారు బడి టీచరుకు సరైన ఆసరా ఉంటే ప్రపంచం మెచ్చే పని చేస్తడని ఇంతకంటే రుజువు ఏం కావాలె?

దూరం పోతే, దక్షిణ అమెరికాలో రెండు దేశాలున్నయి. పెరూ లక్షల లాప్‌టాప్‌లు పంచింది. 319 పల్లె బడులల్ల చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. లాప్‌టాప్‌లు పెరిగినయి గాని లెక్కలల్ల, భాషలో పిల్లలు ముందుకు పోయినట్టు ఆధారం దొరకలే. ఉరుగ్వే కూడా 2007లో లాప్‌టాప్‌లతోనే మొదలుపెట్టింది. గాని 2012 నుంచి ఇంగ్లీషు కోసం వేరే దారి పట్టింది. వారంలో ఒక పాఠం దూరాన ఉన్న ఇంగ్లీషు టీచరు తెర మీద చెప్తది, మిగిలిన రెండు పాఠాలు క్లాసు టీచరే చెప్తది. ఇద్దరు ప్రతి వారం మాట్లాడుకొని పాఠం తయారుచేసుకుంటరు. క్లాసు టీచరుకు ఇంగ్లీషు పూర్తిగ రాకున్నా సరే, పిల్లలతోని ఆమె కూడా నేర్చుకుంటది. ఆమెను తీసెయ్యలే, ఆమె పక్కన ఇంకొకరిని నిలబెట్టిండ్రు.

ఈ ఉరుగ్వే ముచ్చట ఎందుకు చెప్తున్ననంటే, మన దగ్గర 2022-23 నుంచి ఒకటో తరగతి నుంచి ఎనిమిది దాకా సర్కారు బడులల్ల ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చినయి. ఇరువై ఏండ్లు తెలుగులో సైన్సు చెప్పిన సారు ఒక్క ఎండకాలం సెలవుల్ల ఇంగ్లీషు సారు కావాల్నంటే ఎట్ల? ఇసొంటి చోటనే ఆన్‌లైన్ తోడు నిజంగ పనికొస్తది. పాఠానికి ముందు ఆయన వినేటట్టు, ఉచ్చారణ సరిచూసుకునేటట్టు, ఇంకో జిల్లా సారును అడిగేటట్టు. పిల్లల కోసం అని తెచ్చిన వేదిక ముందు టీచరు చదువుకు పనికిరావాలె.

కాపలా వేరు, ఆసరా వేరు

ఇంకొక మాట ఖరాఖండిగ చెప్పాలె. టీచరు ఫోనులోకి సర్కారు ఏమేమి తెచ్చింది? హాజరు యాప్, భోజనం లెక్క, పుస్తకాల లెక్క, యూనిఫాం లెక్క. 2025 ఆగస్టు నుంచి టీచరు ముఖం చూపెట్టి హాజరు వేసుకునుడు కూడా వచ్చింది. హాజరు వద్దని నేను అనను. బడికి రాని టీచరును వెనకేసుకొచ్చే పని నాది కాదు. గాని ఒక మాట అడుగుత. పదేండ్లల్ల టీచరు చేతిలోని ఫోను ఆయన మీద కన్నేసేటందుకు ఎంత పనికొచ్చింది, ఆయనకు పాఠం అందించేటందుకు ఎంత పనికొచ్చింది? ఫోను అంటేనే పైనోళ్ల కన్ను అనే భయం పుడితే, దాంట్ల ప్రయోగం చెయ్యాలన్న మనసు ఎవరికి వస్తది? క్లాసులో ఒక పాఠం చెడిపోయినా పరవాలేదు అన్న భరోసా ఉంటేనే మనిషి కొత్తది నేర్చుకుంటడు.

సొంతదారు ఎవరన్నది కూడా చూడాలె. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబులు ఐదు లక్షలకు పైగా పంచుడు మొదలుపెట్టిండ్రు. 2024 జూలైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. ఎవరినీ నిందించడానికి చెప్తలేను. పిల్లల చదువును ఒక కంపెనీ అరలో పెడితే, కంపెనీకి జలుబు చేస్తే మన బడికి జ్వరం వస్తది. పాఠం ప్రజలదై ఉండాలె. టీచరు దాన్ని విప్పి, మార్చి, మళ్లీ కుట్టుకునేటట్టు ఉండాలె.

మార్చుకునుడు ఎందుకు అంటరా? మన బాన్సువాడ చుట్టుపక్కల చూడుండ్రి. తండాలల్ల పిల్లలు ఇంట్ల లంబాడీ మాట్లాడుతరు. జుక్కల్, మద్నూర్ దిక్కు మరాఠీ, కన్నడ వినపడుతది. పట్నంలో ఉర్దూ. హైదరాబాదు స్టూడియోలో తయారైన ఒక్క వీడియో వీళ్లందరికీ ఒక్క తీరుగ ఎక్కుతదా? నీటి పారకం పాఠానికి నిజాంసాగర్ తూము ఫొటో పెట్టుకునే హక్కు, అవసరమైన చోట ఆపి తండా బిడ్డకు వాడి మాటలో చెప్పుకునే తీరిక టీచరుకు ఉండాలె. తెర ఆపగలిగే అధికారం టీచరుది.

మన అడుగుడు

ఉత్త విమర్శతోని పని కాదు. ఆరు అడుగుదాం.

ఒకటి, సమయం. ఆన్‌లైన్ పాఠం తయారు చేసుకునేటందుకు వారానికి కనీసం రెండు పీరియడ్లు టైంటేబుల్లోనే ఇయ్యాలె. రాత్రి ఇంట్ల చేసుకో అంటే కుదరదు. ముఖ్యంగ ఇంటి పని కూడా మోసే మేడమ్‌లకు అది రెండో డ్యూటీ అయితది.

రెండు, మనిషి. ప్రతి హైస్కూల్లో ఒక టీచరుకు ఈ బాధ్యత ఇచ్చి, ఆయన క్లాసులు తగ్గించాలె. ప్రతి మండలంలో మెషిను చెడిపోతే వచ్చి బాగుచేసే మనిషి ఉండాలె. రిమోటు చెడిపోయి ఆరు నెలలు తెర మూలకు పడితే దానికి టీచరును బద్నాం చెయ్యొద్దు.

మూడు, శిక్షణ. ఏడాది పొడుగున, సబ్జెక్టు వారీగ, తన బడిలో, తన పిల్లలతోని. చేసి చూపెట్టి, చేయించి, తర్వాత వచ్చి చూడాలె.

నాలుగు, కాలువ. ఉడైస్ లెక్కల ప్రకారం దేశంలో ఇంటర్నెట్ ఉన్న బడులు 2023-24లో 53.9 శాతం, 2024-25లో 63.5 శాతం. పెరిగింది, సంతోషం. మూడింట ఒక వంతు బడులు ఇంకా బయటనే ఉన్నయి. కరెంటు, నెట్టు బిల్లు టీచరు జేబులోకెళ్లి పోవద్దు. నెట్టు రాని చోట మెమరీ కార్డులోనో, బడి కంప్యూటరులోనో పాఠాలు నింపి ఇయ్యాలె.

ఐదు, పాఠం. సర్కారు పైసలతోని తయారైన ప్రతి పాఠం ఉచితంగ, మార్చుకునేటట్టు ఉండాలె. దాన్ని రాసే కమిటీలల్ల పల్లె బడి టీచర్లు ఉండాలె.

ఆరు, నమ్మకం. పాఠం చెప్పే వేదికను, కాపలా కాసే యాప్‌ను కలపొద్దు.

ఈ ఆరింటిలో ఆకాశంలో చుక్కలు తెమ్మన్నది ఒక్కటి కూడా లేదు. 2023లో యునెస్కో విడుదల చేసిన ప్రపంచ విద్యా నివేదిక ఏం తేల్చింది? టీచర్లకు ఏ మేరకు కంప్యూటరు నైపుణ్యాలు రావాల్నో ప్రమాణాలు పెట్టుకున్న దేశాలు సగమే. అంటే ఈ నిర్లక్ష్యం మన ఒక్కరిదే కాదు. అట్లని మనం ఊకుంటమా?

మన చేతిలో ఉన్నది

సర్కారు చేసేదాక చేతులు కట్టుకొని కూసోవద్దు. కాంప్లెక్సు మీటింగు నెలనెల జరుగుతది. అందులో ఒక గంట, ఒక టీచరు తను వాడిన ఒక పాఠం చూపెట్టాలె. ఏది పని చేసింది, ఏది చెయ్యలే, దాపరికం లేకుండ. పది నిమిషాల వీడియో పెడితే మూడు సార్లు ఆపాలె. ఆపినప్పుడల్లా ఒక ప్రశ్న అడగాలె. చివర్ల ఐదు ప్రశ్నలు ఇయ్యాలె. ఎక్కువ మంది తప్పిన ప్రశ్న తెల్లారి పాఠం కావాలె. ఇంతే, దీనికి గోడంత తెర అక్కెర లేదు. అందరం ఒక్కసారే అన్నీ నేర్వాలని లేదు. ఈ ఏడు ఒక యూనిట్, వచ్చే ఏడు మూడు యూనిట్లు.

డిగ్రీ కాలేజీ తమ్ముళ్లు, చెల్లెళ్లు! మీకు ఫోను తెలుసు, కంప్యూటరు తెలుసు. నెలకు ఒక శనివారం మీ ఊరి బడికి పోండ్రి. టీచరుకు నేర్పుతమని పోవద్దు, సాయం చేస్తమని పోండ్రి. ఆయనకు పిల్లలు తెలుసు, మీకు మెషిను తెలుసు. రెండు కలిస్తే పని అయితది.

ఉద్యోగ మిత్రులారా, సంఘాల మీటింగులల్ల పీఆర్సీ, డీఏ మాట్లాడుతం, మాట్లాడాలె, అది హక్కు. దాని పక్కన ఈ ఆరు డిమాండ్లు కూడా రాయుండ్రి. ఎందుకంటే ఇది టీచర్ల కోరిక ఒక్కటే కాదు. పైసలున్నోడి బిడ్డ ట్యూషను పెట్టుకుంటడు, ఖరీదు యాప్ కొనుక్కుంటడు. తండా బిడ్డకు, కూలోళ్ల బిడ్డకు సర్కారు బడి సారు తప్ప ఇంకో దిక్కు లేదు. ఆ సారు చెయ్యి బలపడకపోతే తెర ఎంత పెద్దగైతే ఆ బిడ్డకు, ఉన్నోళ్ల బిడ్డకు నడుమ ఎడం అంత పెద్దగైతది.

టీచర్లకు కూడా ఒక మాట. "మా కాలంలో ఇవి లేవు, మాకెందుకు" అనొద్దు. సుద్దముక్క కూడా ఒకప్పుడు కొత్తదే. నేర్పేటోడు నేర్వడం మానేసిన నాడే ముసలోడైతడు. ఆసరా అడిగే హక్కు మీకున్నది, నేర్చుకునే బాధ్యత కూడా మీకే ఉన్నది. రెండూ కలిసి నడిస్తేనే ఈ డిమాండ్లకు బలం వస్తది.

వచ్చే కాంప్లెక్సు మీటింగుకు ఈ ఆరు డిమాండ్లు తెల్ల కాయితం మీద రాసుకొని పోండ్రి. ఎంఈవో చేతికి ఇయ్యుండ్రి, నకలు మీ కాడ ఉంచుకోండ్రి. ఏ బడిలో తెర పని చేస్తున్నదో, ఏ బడిలో మూలకు పడ్డదో ఆ జాబితా కూడా జత చెయ్యుండ్రి. జాబితా తయారైతే మా పత్రికకు పంపుండ్రి, అచ్చేసే బాధ్యత మాది.